పది నిమిషాలకు రెండు చెంచాల తేనె

మొదటి రెండు చెంచాలు వంటింట్లో నిలబెట్టే పట్టాను, రెండోసారి పట్టేసరికి బండి వంతెన దాటింది, మూడోసారికి ఇంకా నాలుగు నిమిషాలుంది, ఐలా మాత్రం అప్పుడే నోరు తెరుచుకుని కూర్చుంది, గూట్లో పిట్టపిల్లలా. రెండున్నరేళ్ళ నా కూతురికి ఇంత మంచి మంగళవారం ఎప్పుడూ రాలేదు. పొద్దున్నే షికారు, వెనక సీట్లో పక్కనే అమ్మ, అడగకముందే తేనె. ఆ తెరిచిన నోట్లోకి నేను తొంగి చూస్తున్నాను, నాలుక, కింది వరస పళ్ళు మెరుస్తున్నాయి, వాటి వెనక చీకటి, ఆ చీకట్లోకి చూపు పోదు. చొల్లు కారుతోందా, మింగడానికి తంటాలు పడుతోందా, దగ్గుతోందా, ఈ మూడూ చూస్తూ ఉండమ్మా అంది ఫోనులో ఆవిడ. విషం గిషం మింగితే ఫోను చేసే నంబరు అది, ఫ్రిజ్ తలుపు మీద నేనే అతికించి పెట్టుకున్నాను, ఎప్పుడూ చేయాల్సి రాదన్న ధీమాతో అతికించాను. ఎంత నెమ్మదిగా మాట్లాడింది ఆవిడ. పాప బరువెంత అని అడిగింది, తేనె ఉందా ఇంట్లో అని అడిగింది, పది నిమిషాలకోసారి రెండు చెంచాలు పట్టు, వేరే ఏమీ పెట్టకు, కక్కించకు, తేనె కోసం మాత్రం ఆగకు, వెంటనే బయల్దేరు అంది. ఆవిడ పేరు అడగలేదు నేను. ఏ ఊళ్ళో కూర్చుని ఉందో, పొద్దున ఏం తిని వచ్చిందో, ఆవిడకు రోజంతా చల్లగా గడవాలి.

నాణెమంత ఉంటుంది ఆ బిళ్ళ బ్యాటరీ, పల్చగా, ఒక పక్క మెరుస్తూ. అది ఇప్పుడు రెండు చోట్లలో ఏదో ఒకచోట ఉంది. మా కమోడు లోపలి వంపులో, లేకపోతే ఈ పసుపు స్వెటరు కింద. వంపులో ఉంటే మా ఊరి ప్లంబరు డారెల్ కంగాస్ దాన్ని బయటికి లాగుతాడు, అతను ఈపాటికి కమోడును నేల మీంచి పెకలించి బోర్లా పడేసి ఉంటాడు. స్వెటరు కింద ఉంటే, గొంతు దిగక ఆగి ఉంటే, తడి తగిలిన చోటల్లా కాలుస్తుంది, రెండు గంటలు చాలంటారు. ఎప్పుడు మింగిందో తెలిస్తే కదా రెండు గంటలు లెక్కపెట్టడానికి. అసలు మింగిందో లేదో తెలిస్తే కదా. ఆసుపత్రికి యాభై నిమిషాల దారి, అందులో ఇరవై రెండు నిమిషాలు అడవి, అడవిలో ఫోను పనిచేయదు. బండి నడుపుతున్నది మా అత్తగారు హెల్మి. ఐలా పుట్టినప్పటి నుంచి ఆమె నాకూ ముమ్మే, ముమ్ము అంటే వాళ్ళ భాషలో నానమ్మ, మా ఇంట్లో అందరూ ఆమెను మరో పేరుతో పిలవడం మానేశారు. డెబ్బై ఒక్కేళ్ళు. రెండు చేతులూ స్టీరింగు మీద, వీపు సీటుకు ఆనకుండా, పాలు పితకడానికి కూర్చున్నట్టు కూర్చుని నడుపుతుంది.

పొద్దున కమోడులో నీళ్ళు పైకి లేచాయి, లేచి అంచుదాకా వచ్చి ఆగాయి, నన్ను భయపెట్టడానికే అన్నట్టు. నేను గోడ దగ్గర కుళాయి కట్టేసి డారెల్‌ను పిలిచాను. అతను వచ్చేసరికి ముమ్ము కూడా వచ్చింది, యాలకుల రొట్టె గుడ్డలో చుట్టుకుని. డారెల్ బాత్రూము గడప దగ్గర ఆగి సొరుగులకు గొళ్ళేలు, అలమరకు గొళ్ళెం, తలుపుకు పైన ఇంకో గొళ్ళెం, అన్నీ చూసి, "లినేయా, మన ఊరి బ్యాంకులో కూడా ఇన్ని తాళాల్లేవు. ఇంతకీ ఏం దాచావే ఇక్కడ?" అన్నాడు. "దాచింది నేను కాదు, నా కూతురు. ఏదో లోపల పడేసింది," అన్నాను. "ఏం పడేసిందో చెప్తే సరిపోను తీగ తెస్తా. బొమ్మయితే ఒకటి, బట్టయితే ఒకటి. మీ ఆయనయితే మాత్రం నా వల్ల కాదు." ముమ్ము వెనకనుంచి, "మా వాడు తెల్లారకముందే పనికిపోయాడు, వాడు కాదులే," అంది. ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే నేను ఏం తగ్గిందో చూద్దామని బాత్రూమంతా చూశాను, నాకు ప్రతి వస్తువు చోటూ తెలుసు, దువ్వెన లేదు, ప్లాస్టిక్ బాతు లేదు, తర్వాత ఐలా కుండీ కనబడింది. నీలం రంగు ప్లాస్టిక్ కుండీ కుర్చీ, నాలుగు చుక్కలు పడగానే పాట పాడేది. దాని అడుగున పాటపెట్టె మూత తెరుచుకుని ఉంది. మూతకు అతికించిన టేపు ఒక పక్క వేలాడుతోంది. లోపల బిళ్ళ ఉండాల్సిన గుంట ఖాళీ.

నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. మోకాళ్ళ మీద కూర్చుని, గొంతు మామూలుగా పెట్టి, "ఐలా, ఇక్కడి బిళ్ళ ఏదమ్మా?" అని అడిగాను. అది చేయి ఊపి చెప్పింది: "బై-బై."

ఆ మాట నేను నేర్పిందే. అక్టోబరులో కుండీ మొదలుపెట్టినప్పుడు, తనలోంచి వచ్చింది నీళ్ళలో తిరిగి తిరిగి మాయమవుతుంటే వెక్కి వెక్కి ఏడ్చేది, తన చేయో కాలో పోతున్నట్టు. అందుకని ఇద్దరం కమోడు పక్కన నిలబడి దానికి చేయి ఊపి వీడ్కోలు చెప్పేవాళ్ళం. బై-బై. రెండు రోజుల్లో ఏడుపు ఆగింది. పిల్లల్ని పెంచిన ఇళ్ళన్నిటిలోనూ చేసే పనే, నేనేం కనిపెట్టలేదు. ముమ్ము అది చూసి ముచ్చటపడి, బఠానీలు ఉమ్మేసే పిల్లకు అదే మాటతో తినిపించడం మొదలుపెట్టింది. చెంచా నోట్లోకి, గుటుక్కుమనగానే, "బై-బై బఠానీ!" పిల్ల పొట్ట తట్టుకుని చేయి ఊపేది. అదీ పనిచేసింది. ఒకే మాటకు రెండు గుంటలు తవ్వుతున్నాం అని నాకు అప్పుడే అనిపించింది, డిగ్రీలో నాలుగేళ్ళు రసాయనశాస్త్రం చదివినదాన్ని, ఒకే చీటీ రెండు సీసాలకు అతికిస్తే ఏమవుతుందో నాకు తెలియదా, అయినా ఏమీ అనలేదు, అత్తగారితో ప్రతి చిన్నదానికీ అనకూడదని ఊరుకున్నాను. పొద్దున ఆ బై-బై వినగానే ముమ్ము ముఖం తెల్లబడిపోయింది. కింద కూర్చుని, "బై-బై ఎటు బంగారం? ఇటా, ఇటా?" అని కమోడు చూపించింది, పొట్ట చూపించింది. ఐలా ఆలోచించింది. పొట్ట తట్టుకుంది. కమోడు వైపు వేలు చూపించింది. తర్వాత ఆట బాగుందని మళ్ళీ రెండూ చేసింది.

మూడోసారి. ఒక చెంచా, ఇంకో చెంచా. మింగింది. మింగేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది, ముఖం చిట్లించలేదు, హాయిగానే మూసుకుంది. గుటక దిగడం గొంతు మీద కనబడింది. ఆ గుటకకు కూడా దండం పెట్టాలనిపించింది. పైకోటు తీసేశాకే సీటులో కూర్చోబెట్టాను, మందపాటి కోటు మీద బెల్టు బిగించకూడదు, బిగువు నిలవదు, దుప్పటి పైన కప్పాను, ఇంత హడావిడిలోనూ చేతులు ఆ పని వాటంతట అవే చేశాయి. నా చేతులకు అన్నీ తెలుసు. బాత్రూములో వేడినీళ్ళు ఎక్కడిదాకా కాగాలో తిప్పి పెట్టింది ఈ చేతులే, కడిగే మందులన్నీ నెత్తికంటే ఎత్తున పెట్టింది ఇవే, కాలిపీట జారకుండా అడుగున రబ్బరు అంటించింది ఇవే, తుడిచే తడి కాగితాలు కమోడులో వేయొచ్చని పెట్టె మీద రాసి ఉన్నా ఒక్కటి కూడా వేయనివ్వకుండా మూత ఉన్న డబ్బా పెట్టింది ఇవే. మాది ఊరి కాలువ కాదు, పెరట్లో సెప్టిక్ ట్యాంకు, అందులో వేసింది ఎక్కడికీ పోదు, మళ్ళీ మన గడపకే వస్తుంది. ఇన్ని చేసిన చేతులు ఆ టేపు కూడా అతికించాయి.

కమోడు మూతకు తాళం కూడా పెట్టాను, తెల్ల ప్లాస్టిక్‌ది, నొక్కి తిప్పితే వచ్చేది. పోయిన వారం ముమ్ము దాన్ని ఊడదీసి అలమరలో పడేసింది. "అది పరిగెత్తుకుంటూ వస్తుంది, నువ్వు ఆ తాళంతో కుస్తీ పట్టేలోపు నేల మీదే అయిపోతుంది. పెద్దాళ్ళ కమోడు మీద కూర్చోవాలని దానికి సరదా, కూర్చోనీ," అంది. పక్కన మనిషి ఉన్నప్పుడు మాత్రమే అన్నాను. సరే అంది. నేను పైకి నవ్వి లోపల వారం రోజులు రగిలాను, అంట్లు కడుగుతూ రగిలాను, బట్టలు మడతపెడుతూ రగిలాను. పొద్దున నీళ్ళు పైకి లేవగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, చూశారా మరి, అని. ఇప్పుడు కిటికీలోంచి మంచు మోస్తున్న చెట్లు వెనక్కి పోతుంటే, నాకు తట్టింది: ఆ తాళం ఉండి ఉంటే బిళ్ళ పోవడానికి రెండో చోటే లేదు. తాళం ఉంటే అది పిల్ల లోపలే ఉన్నట్టు. నాకు ఈ పూట మిగిలిన సగం ఆశ ఈ ముసలావిడ మొండిగా ఊడదీసిన తాళంలోంచే వస్తోంది. వారం రోజులు తిట్టుకున్నదాని మీదే ఇప్పుడు వేలాడుతున్నాను.

రోడ్డు నున్నగా గీకి ఉంది. రెండు పక్కలా మంచు గోడలా నిలబడింది, మధ్యలో నల్లగా దారి, ఇసుక చల్లి ఉంది. ఇది రాయ్ గీకిన రోడ్డు. నా భర్త తెల్లవారుజామున లేచి, నన్ను లేపకుండా కాఫీ కాచుకుని, కౌంటీ వాళ్ళ మంచు గీకే బండి ఎక్కాడు, ఈ దారి అతనిదే, ఆసుపత్రి ఊరి పొలిమేర దాకా. ఇప్పుడు ఏ పక్క రోడ్డు మీదో ఉంటాడు, అతని ఫోను కూడా ఈ అడవిలో మోగదు, తను గీకిన దారి మీద ఎవరు పోతున్నారో అతనికి తెలియదు. పెళ్ళయిన ఏడేళ్ళలో చలికాలమంతా అతని పని గురించి నేను అడిగిందల్లా బూట్లు గుమ్మం బయట విప్పావా అని. రాయ్, బండి ఒక్కచోట కూడా జారలేదు.

"ముమ్మూ," అన్నాను. "ఆ టేపు నేను వేసిందే."

ఆమె అద్దంలోంచి చూసింది, మళ్ళీ రోడ్డు చూసింది.

"ఆ పాట భరించలేకపోయాను. రోజుకు పాతికసార్లు. మూతకున్న మరమేకు విప్పి బిళ్ళ బయట పెట్టేశాను. ఐలా పాట కావాలని ఏడ్చింది. మళ్ళీ పెట్టేసరికి మరమేకు దొరకలేదు, ఎక్కడికో దొర్లింది. ఈ ఒక్క పూటకి అని టేపు వేశాను. పదకొండు రోజులైంది."

నేను పదకొండు రోజులు లెక్కపెట్టి మరీ చెప్పాను, తప్పులో కూడా అంకె తప్పుగా చెప్పలేను నేను, ఏం మనిషిని. ఐలా తేనె సీసా మీది బొమ్మకు ఏదో చెబుతోంది. ముమ్ము అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండుననుకున్నాను. వీళ్ళు అరిచే మనుషులు కారు, ఏడ్చే మనుషులూ కారు, మామగారి అంత్యక్రియల రోజు కూడా ముమ్ము వచ్చినవాళ్ళందరికీ రొట్టె కోసి పెడుతూనే ఉంది.

"తెలుసు," అంది ముమ్ము చివరికి. "ఆ టేపు నేనూ చూశా."

"చూశారా?"

"రెండుసార్లు కడిగాగా ఆ కుండీని. చూశా. లినేయా వేసిందిలే, అది ఊరికే వేయదు, అన్నీ ఆలోచించే వేసుంటుంది అనుకున్నా." కొంచెం దూరం పోయాక మళ్ళీ అంది, "నువ్వొక్కదానివే మోయకు. ఇద్దరం చూశాం, ఇద్దరం ఊరుకున్నాం. సగం నాది."

"అది కాదు ముమ్మూ..."

"సగం నాదన్నానా? అయితే నోర్మూసుకుని తేనె పట్టు. టైమైంది."

నాలుగోసారి. కొంచెం తేనె దుప్పటి మీద పడింది. నన్ను ఆమె అంత నమ్ముతుందని నాకు తెలియదు. రెండేళ్ళుగా ఆమె మా ఇంటికొచ్చి సొరుగు గొళ్ళేలను చూసి పెదవి విరిస్తే నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను, తన పిల్లలు ముగ్గురినీ గొళ్ళెం అనేదే లేని ఇంట్లో, ఆవిరి స్నానాల గది ముందు కుండీకి బదులు ఒక ఎనామెల్ గిన్నె పెట్టి పెంచిన మనిషి, నా పద్ధతులన్నీ పిరికితనం అనుకుంటోందనుకున్నాను. ఆమె మాత్రం నేను వేసిన టేపును కూడా పద్ధతే అనుకుంది. ఇద్దరిలో ఎవరైనా ఒకరు నోరు తెరిచి అడిగి ఉంటే. మర్యాద కోసం నేను ఊరుకున్నాను, నమ్మకం కొద్దీ ఆమె ఊరుకుంది. అన్ని గొళ్ళేల మధ్య ఒక్క గుంట మిగిలింది, పిల్ల వేలికి అదే దొరికింది.

ఐలా దగ్గింది.

ఒక్కసారే. పొడిగా. నేను బెల్టు విప్పబోయి ఆగాను, గడ్డం పట్టుకుని ముఖం నా వైపు తిప్పాను, పెదవులు ఎర్రగానే ఉన్నాయి, చొల్లు లేదు, కళ్ళల్లో నీళ్ళు లేవు. ముమ్ము బండి వేగం పెంచింది, ఇంజను గొంతు మారింది. మళ్ళీ దగ్గుతుందేమోనని ఎదురుచూశాను. మైలు రాయి పోయింది. ఇంకోటి పోయింది. నేను అప్పుడు దేవుణ్ణి ఏమీ అడగలేదు, అడగడానికి మాటలు దొరకలేదు, ఉన్నవాటికి మాత్రం వరసగా చేతులెత్తుతూ పోయాను, ఎరుపు పెదవులకు, గీకిన రోడ్డుకు, అమ్మమ్మగారి ఊరి నుంచి వచ్చిన ఈ తేనెకు, ఫోనులో గొంతుకు, నా బాత్రూములో మోకాళ్ళ మీద కూర్చుని ఎవరి మురికిలోనో భుజం దాకా చేయి పెట్టిన డారెల్‌కు. "దొరికితే వెంటనే ఫోన్ చేస్తా, దొరక్కపోయినా చేస్తా, వెళ్ళు వెళ్ళు," అని మా వెనక గుమ్మం దాకా వచ్చాడు, తడి చేతితోనే బండి అద్దం మీద మంచు తుడిచాడు. అడవి చివరి ఎత్తు దిగితే ఫోను పనిచేస్తుంది. ఎత్తు దిగాం. ఫోను మోగలేదు.

ఆసుపత్రిలో మమ్మల్ని కూర్చోనివ్వలేదు. బిళ్ళ బ్యాటరీ అన్న మాట వినగానే పేర్లు రాసుకునే కిటికీ దగ్గరి మనిషి లేచి నిలబడి, తలుపు తానే తెరిచి, లోపలికి తీసుకుపోయింది. వరసలో మా ముందు ఉన్న ఒకాయన, చేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు, రక్తం కనబడుతూనే ఉంది, "మీరు పోనివ్వండి, నాదేముంది," అని పక్కకు జరిగాడు. ఎక్స్‌రే తీసే గదిలో చలి. నాకు బరువైన కవచం తొడిగారు, ఐలా చేతులు పైకెత్తి పట్టుకోమన్నారు. అది నవ్వుతోంది, చక్కిలిగింతలు పెడతాననుకుని. ఒక్క క్షణం కదలకు బంగారం అన్నాను. కదల్లేదు. ఏ రోజూ నా మాట ఒక్కసారికి విననిది, ఆ ఒక్క క్షణం విన్నది.

తర్వాత తెర మీద నా కూతురు లోపలిది కనబడింది. సన్నని పక్కటెముకలు, గుండె నీడ, మెడ, గొంతు నుంచి కిందికి నల్లటి దారి. నేను గుండ్రటి తెల్ల బిళ్ళ కోసం వెతికాను. కళ్ళు పరిగెడుతున్నాయి, దేని మీదా నిలవడం లేదు. డాక్టరుగారు పొట్టి మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, వేలితో పైనుంచి కిందిదాకా నెమ్మదిగా గీశాడు.

"బ్యాటరీ లేదమ్మా," అన్నాడు. "ఎక్కడా లేదు. మిగతావన్నీ ఉన్నాయి."

ముమ్ము గోడకు చేయి ఆనించింది. నేను ఏడవలేదు, ఏడుపు వచ్చేలోపే ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. "ఇదిగో, ఇక్కడ చూడండి. ఈ మబ్బులా ఉన్నదంతా ఏమిటో తెలుసా? మలం. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా నిండిపోయింది. సరిగ్గా వెళ్ళి ఎన్ని రోజులైంది?"

నా దగ్గర జవాబు ఉండాలి. ఫ్రిజ్ మీద పట్టిక ఉంది, నక్షత్రాలు అంటిస్తాను, పసుపువి ఒకదానికి, ఎరుపువి ఇంకోదానికి. పట్టిక కళ్ళ ముందుకు వచ్చింది. పసుపు నక్షత్రాలు బోలెడు, ఎరుపువి ఈ వారం రెండు, అవీ మేకపెంటికలంత. చూస్తూనే ఉన్నాను, అంటిస్తూనే ఉన్నాను, ఒక్కసారీ చదవలేదు.

"ఆపుకుంటోంది," అన్నాడాయన. "ఇంటిల్లిపాదీ దాని కోసమే కాచుక్కూర్చుంటే పిల్లలు ఆపుకుంటారు. దాని దగ్గర ఉన్న ఆస్తి అదొక్కటే కదమ్మా. ఓ రెండు వారాలు కుండీ మాటే ఎత్తకండి. ఎండు ప్లమ్ పళ్ళ రసం పట్టండి. అడగొద్దు, పొగడొద్దు, నక్షత్రాలు వద్దు."

"విన్నావా?" అంది ముమ్ము నాతో. తర్వాత, "నేనూ విన్నాలే," అంది.

అప్పుడు మోగింది ఫోను. ముమ్ము తీసి చెవికి దూరంగా పట్టుకుంది, డారెల్ గొంతు గదంతా వినబడింది. "దొరికింది! బాతు పొట్ట కింద ఇరుక్కుంది! లినేయాకు చెప్పు, ఇది కమోడు కాదు, కిరాణా కొట్టు. దువ్వెన, బాతు, నీ పాత రొట్టె ముక్క కూడా ఉంది హెల్మీ, అది మాత్రం నానలేదు, రాయిలా ఉంది!" ముమ్ము, "నా రొట్టెనంటావా, సాయంత్రం తినడానికి రా, నీ పళ్ళ సంగతి చూస్తా," అంది. అంటూ కుర్చీలో కూలబడింది. నేను ఆమె పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాను. లాక్కోలేదు.

ఐలా నా చొక్కా లాగింది. ముఖం ఎర్రబడి ఉంది, కళ్ళు దూరంగా ఎక్కడో ఉన్నాయి. "అమ్మా," అంది, అంతే. తేనె పనిచేసిందో, బండి కుదుపులు పనిచేశాయో. నేను దాన్ని ఎత్తుకుని నడవా చివరికి పరిగెత్తాను, ముమ్ము మూడు కోట్లూ పట్టుకుని వెనకే వచ్చింది. ఆసుపత్రి బాత్రూములో పీట లేదు, చిన్న సీటు లేదు, పెద్దవాళ్ళ కమోడు, చల్లని అంచు, వెనక గోడలో ఎర్రటి చిన్న కన్ను, మనిషి కదిలితే చాలు దానంతటదే హోరున నీళ్ళు వదిలేది. ఆ హోరు వింటే ఇది ఇంకో వారం ఆపుకుంటుంది. చంకల కింద ఒక చేయి వేసి ఐలాను పట్టుకున్నాను, రెండో అరచేయి ఆ ఎర్ర కన్ను మీద గట్టిగా అదిమాను. ముమ్ము నేల మీద కూర్చుని, వేలాడుతున్న చిన్న పాదాలు రెండూ తన ఒళ్ళో పెట్టుకుంది, కాళ్ళకు ఆనుడు ఉంటే పిల్లలకు వీలుగా ఉంటుందని. ఎవరం ఏమీ అడగలేదు. ఎవరం దాని ముఖం కేసి చూడలేదు. ముమ్ము పలకల గోడను చూసింది, నేను ముమ్ము తెల్లటి పాపిట చూశాను. బయట ఎవరో తలుపు తట్టారు. "ఆగండి బాబూ, మా పిల్ల కూర్చుంది," అని ముమ్ము కేక వేసింది. నా భుజం లాగేస్తోంది, మెడ మీద ఐలా ఊపిరి తేనె వాసన వేస్తోంది. ఎంతసేపైనా సరే. నేను అరచేయి తీయలేదు.